మంచం కింద తెల్లపొడి

యాదగిరిగుట్ట నరసింహస్వామి ఆలయాన్ని కృష్ణశిలతో పునర్నిర్మించి 2022 మార్చి 28న భక్తులకు తెరిచారు. గుట్ట కింద ఇళ్లు, లాడ్జీలు లేస్తూనే ఉన్నాయి. రాతికి లేని బెడద వాటి దర్వాజలకూ మంచాలకూ ఉంది. అదే పుచ్చు. కొన్న ఏడాదికే మంచం కింద మైదాపిండిలాంటి పొడి రాలితే, ముందు మాట పడేది ఆ ఇంటి ఆడవాళ్లే, సరిగ్గా ఊడవట్లేదని. ఇది చాలా అన్యాయం.

అపోహ: ఇల్లు శుభ్రంగా లేకపోతే పుచ్చు పడుతుంది.
వాస్తవం: చెత్తకూ పుచ్చుకూ సంబంధమే లేదు. పుచ్చు పట్టించేది ఒక పెంకుపురుగు. దానికి కావాల్సింది కట్టెలోని పిండిపదార్థం. ఆ పిండి ఉండేది చేవ చుట్టూ కనిపించే తెల్లకట్టెలో. కోతమిల్లులోనో అడితిలోనో కట్టె ఆరుతున్నప్పుడే ఆడపురుగు దాని సన్నటి రంధ్రాల్లో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు నెలల తరబడి లోపలే తొలుస్తాయి. ఈలోగా ఆ కట్టె మంచమై మనింటికి చేరుతుంది.

అపోహ: బెజ్జం పడిందంటే పురుగు అప్పుడే దూరింది.
వాస్తవం: ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆ గుండ్రటి బెజ్జం, పెరిగిన పురుగు బయటపడ్డ దారి. దాని మీద వార్నిష్ పూస్తే లోపల మిగిలినవి చావవు. కిరోసిన్ లోతుకు దిగదు, పైగా నిప్పు ప్రమాదం.

అపోహ: పొడి రాలితే చెదలే.
వాస్తవం: చెదలు మట్టితో దారులు కడతాయి. మెత్తటి పొడి పుచ్చుదే.

అపోహ: టేకుకు భయం లేదు, పుచ్చు పాత కట్టెకే.
వాస్తవం: చేవ టేకుకు భయం లేదు, తెల్లకట్టె కలిసిన టేకుకు ఉంది. మామిడి, రబ్బరు చెక్కలకు మరీ ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ కట్టెలో పిండి తగ్గిపోతుంది కాబట్టి ఈ పురుగు కొత్త సామానునే పడుతుంది.

అమావాస్యకు నరికిన వెదురుకు పుచ్చు పట్టదనే నమ్మకమూ ఉంది. పుచ్చును తేల్చేది వెదురులో మిగిలిన పిండి, చక్కెరలే. నరికిన వెదురును వారాల తరబడి నీళ్లలో నానేసే పెద్దల పద్ధతి పనిచేసింది అందుకే.

మంచం కొనేముందు తిప్పి, పాలిష్ లేని అడుగు భాగం చూడండి. చేయించుకునేవాళ్లయితే తెల్లకట్టె తీసేయమని, బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్లు ముందే పట్టించమని వడ్లాయనకు చెప్పండి. పాలిష్ పడ్డాక ఆ మందు కట్టెలోకి ఇంకదు.