ముఖం మీద నీడ: ఏది తీయాలి, ఏది ఉంచాలి?

మనలాంటి పిల్లలకు గ్రూప్ ఫోటో అంటే మామూలు ఫోటో కాదు. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే, టీసీ చేతికి అందిన కొద్ది రోజులకే ఊరు మారిపోతుంది. ఆ తర్వాత పాత తరగతి అంతా ఒకచోట కనిపించేది ఆ ఫోటోలోనే. కిందటేడు మా తరగతిలో ఒక నేస్తం అలాగే వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు రోజు మధ్యాహ్నం మైదానంలో నిలబడి అందరం ఫోటో తీసుకున్నాం. తీరా తర్వాత చూసుకుంటే, పక్కవాడు సరదాగా ఎత్తిన చేతి నీడ ఆమె ముఖానికి అడ్డంగా పడింది. కళ్ళు రెండూ నల్లటి గుంటల్లా ఉన్నాయి. మళ్ళీ తీద్దామంటే ఆమె అప్పటికే రైలెక్కేసింది.

ఆ ఫోటోను కంప్యూటర్ ల్యాబ్‌లో బాగుచేయాలని కూర్చున్నాం. మొదటిసారి పాడుచేశాం, రెండోసారి బాగుచేశాం. ఆ పనిలో తెలుసుకున్న సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాం.

ముందు నీడను గుర్తుపట్టాలి

ముఖం మీద నల్లగా కనిపించేదంతా ఒకటే రకం కాదు. మొదటి రకం, మరో వస్తువు అడ్డుపడటం వల్ల వచ్చే నీడ. టోపీ అంచు, చెట్టుకొమ్మ, పక్కవాళ్ళ చెయ్యి వేసే నీడలు ఇలాంటివి. ఇవి ముఖానికి చెందినవి కావు, తీసేయవచ్చు. రెండో రకం, ముఖం తన మీద తానే వేసుకునే నీడ. ముక్కు పక్కన, గడ్డం కింద, వెలుగుకు అటువైపు ఉన్న చెంప మీద ఇది ఉంటుంది. ముఖం గుండ్రంగా, ముక్కు ఎత్తుగా కనిపించేది దీనివల్లే. దీన్ని పూర్తిగా తీసేస్తే ముఖం అట్టముక్కలా చదునైపోతుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) చిత్రాల్లో ఒకవైపు చెంప చీకట్లో ఉండి, దాని మీద త్రికోణంలా చిన్న వెలుగు కనిపిస్తుంది. ఫోటోగ్రాఫర్లు నేటికీ ఆ పద్ధతిని ఆయన పేరుతోనే పిలుస్తారు. అంటే నీడను కావాలని ఉంచుకునేవాళ్ళూ ఉన్నారన్నమాట. ఇక మూడోది అసలు నీడే కాదు. పుట్టుమచ్చ, కళ్ళ కింది నలుపు, ఒంటి రంగు ఇందులోకి వస్తాయి. వీటి జోలికి వెళ్ళేముందు ఆ మనిషిని అడగాలి.

అంచు చెప్పే కబురు

గ్రహణాల పాఠంలో ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ అని చదువుకున్నాం కదా! సూర్యుడు చుక్కలాంటి వెలుగు కాదు. మన కంటికి దాదాపు అర డిగ్రీ వెడల్పున కనిపించే బిళ్ళ. అందుకే ఏ నీడకైనా అంచున కొంత మసక ఉంటుంది. అడ్డుపడిన వస్తువు ఎంత దూరంలో ఉంటే మసక అంత పెరుగుతుంది. లెక్క తేలిక. ఒక మీటరు దూరానికి సుమారు ఒక సెంటీమీటరు. నుదుటికి దగ్గరగా ఉండే టోపీ అంచు నీడకు మసక ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, గీత గీసినట్లు పడుతుంది. 5 మీటర్ల ఎత్తున ఉన్న కొమ్మ నీడకు 4, 5 సెంటీమీటర్ల మసక ఉంటుంది. మా ఫోటోలో చెయ్యి ముఖానికి అర మీటరు దూరంలో ఉంది కాబట్టి మసక అర సెంటీమీటరు. నీడను తీసే బ్రష్ అంచు కూడా అంతే మెత్తగా ఉండాలి. బ్రష్ గట్టిగా ఉంటే నీడ పోయినా దాని గీత మిగులుతుంది. మరీ మెత్తగా ఉంటే నీడ చుట్టూ తెల్లటి వలయం వస్తుంది.

చేసిన పద్ధతి

మేం వాడింది జింప్. 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్ ఇది. అసలు ఫోటోను ముట్టుకోకుండా దాని నకలు మీద పని మొదలుపెట్టాం.

మొదట ఫోటో లేయర్‌కు ఇంకో నకలు తీసి, కర్వ్స్‌లో గీత మధ్యభాగాన్ని పైకి లాగాం. ఫోటో మొత్తం వెలుగెక్కింది. అప్పుడు ఆ లేయర్‌కు నల్లటి మాస్క్ తగిలించాం. మాస్క్ నల్లగా ఉన్నచోట ఆ లేయర్ కనిపించదు, తెల్లగా ఉన్నచోట కనిపిస్తుంది. ఇక మిగిలింది మెత్తటి తెల్ల బ్రష్‌తో నీడ ఉన్న మేరకే మాస్క్ మీద రుద్దడం. బ్రష్ బలాన్ని 10 శాతం దగ్గర పెట్టుకుని కొంచెం కొంచెంగా రుద్దాం. ఎక్కువైతే నల్ల బ్రష్‌తో వెనక్కి తీసుకోవచ్చు. ఫైలును ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకుంటే లేయర్లన్నీ అలాగే ఉంటాయి, రేపు మళ్ళీ దిద్దుకోవచ్చు.

ఇక్కడ రెండు చిక్కులు ఎదురయ్యాయి. ఒకటి, వెలుగు పెంచిన చోట చర్మం బూడిద పూసినట్లు నీలంగా మారింది. కారణం ఆలోచిస్తే తెలిసింది. ఎండ అడ్డుపడినా నీలాకాశం వెలుగు నీడలోకి వస్తూనే ఉంటుంది. అందుకే ఆరుబయట నీడలో నీలం పాలు ఎక్కువ. కలర్ బ్యాలెన్స్‌లో నీలం కొంచెం తగ్గించి, ఎరుపు కొంచెం పెంచితే సరిపోయింది. రెండోది, నీడ ఉన్నచోట ఇసుక చల్లినట్లు గరుకుదనం పైకి తేలింది. మామూలు జేపెగ్ ఫోటోలో ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకా మెట్లు ఉంటాయి. చీకటి భాగం కింది కొన్ని మెట్లలోనే ఇరుక్కుంటుంది. దాన్ని సాగదీస్తే ఆ కొరత బయటపడుతుంది. అందుకని నీడను పూర్తిగా కాకుండా మూడొంతులే తగ్గించి ఆపేశాం.

కంప్యూటర్లు రాకముందు కూడా ఈ పని ఉండేది. స్టూడియోల్లో నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దేవారు. పెన్సిల్ పడిన చోట వెలుగు తక్కువగా దూరి, ప్రింటులో ఆ భాగం తెల్లబడేది. ప్రింటు వేసేటప్పుడు పుల్లకు గుండ్రటి అట్టముక్క అంటించి వెలుగుకు అడ్డం పెట్టినా అదే ఫలితం. సాఫ్ట్‌వేర్‌లో డాడ్జ్ అనే పరికరానికి పుల్లా బిళ్ళా బొమ్మ ఉండేది అందుకే.

మేం చేసిన తప్పు

మొదటిసారి ఈ ఓపిక మాకు లేదు. ఆమె ముఖమంతా ఒకేసారి వెలుగు పెంచి, పక్కనున్న అమ్మాయి ముఖంతో సమానంగా వచ్చేదాకా లాగాం. చాలా బాగా వచ్చిందనుకుని ఆమెకు పంపాం. సాయంత్రం జవాబు వచ్చింది: "ఫోటో బాగుంది. కానీ ఇది నేను కాదు. నేను చామనఛాయ కదా, నన్నెందుకు తెల్లగా చేశారు?"

మాకు సిగ్గేసింది. తెలుగులో ఛాయ అంటే నీడ, ఛాయ అంటే ఒంటి రంగు కూడా. మేం మొదటిది తీయబోయి రెండోదాన్ని తుడిచేశాం. కావాలని చేయలేదు. కానీ తెల్లగా ఉంటేనే బాగుంటుందన్న మాట మా చేతుల్లోకి ఎలా వచ్చిందో ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నాం.

రెండోసారి కొలత మార్చాం. ఆమె ముఖం మీదే ఎండ తగిలిన చెంప ఉంది కదా! కలర్ పికర్‌తో అక్కడి అంకెలు చూసి, నీడలో ఉన్న భాగాన్ని ఆ అంకెల వైపే తీసుకెళ్ళాం, పక్కవాళ్ళ ముఖం వైపు కాదు. చేతి నీడ పోయింది. కళ్ళ దగ్గరి నీడను సగమే తగ్గించాం. మధ్యాహ్నపు ఎండలో నిలబడ్డామని ఫోటోకు తెలియాలిగా!

అసలు నీడే పడకుండా

ఇంత శ్రమ తప్పించుకునే దారి కూడా ఉంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఫోటో వద్దు. ఉదయమో సాయంత్రమో తీయండి. తప్పకపోతే వరండా అంచున, ఆకాశం కనిపించే నీడలో నిలబడండి. ఒక్కరి ఫోటో అయితే ఛాతీ కింద, కెమెరాకు కనిపించకుండా తెల్ల చార్టు పట్టుకుంటే కళ్ళ కిందికి వెలుగు వస్తుంది. నొక్కే ముందు ఒక్కో ముఖాన్నీ చూడండి. ఇంకో మాట. పాస్‌పోర్టు ఫోటోలో ముఖం మీద నీడ ఉండకూడదు, సాఫ్ట్‌వేర్‌తో దిద్దిన ఫోటో కూడా ఒప్పుకోరు. అక్కడ మళ్ళీ తీయించుకోవడమే మార్గం.

రెండో ఫోటో పంపిన రోజు మా నేస్తం నుంచి వచ్చిన జవాబు ఒకటే ముక్క: "ఇది నేనే." ఆ ఫోటో ఇప్పుడు ఆమె కొత్త ఊళ్ళో చదువుకునే బల్ల మీద ఉంది. చెయ్యి ఎత్తినవాడు మాత్రం, తన చేతి నీడ ఉన్న అసలు ఫోటోనే దాచుకున్నాడు.