ఇంట్లో కుక్క ఉందా..? ఆర్కిడ్‌తో భయం లేదు.. పక్కనున్న ఈ మొక్కలతోనే డేంజర్!

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.. ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటేస్తుంది. ఆ ఎండలో ఆర్కిడ్‌ను మిద్దె మీద పెడితే ఆకులు మాడిపోతాయి. అందుకే నర్సరీ నుంచి తెచ్చినవాళ్లు దాన్ని హాల్లో కిటికీ పక్కన పెట్టుకుంటారు. ఎండకు తాళలేక కుక్క కూడా అదే హాల్లో పడుకుంటుంది. పిల్ల కుక్కైతే ఊరికే ఉండదు కదా.. ఆకు కొరుకుతుంది, కుండీలో మూతి పెడుతుంది. మరి ప్రాణానికి ప్రమాదమా? ఇప్పుడు తెలుసుకుందాం.

ఆర్కిడ్ సేఫేనా?

ఇళ్లలో ఎక్కువగా పెంచే రకం ఫాలనాప్సిస్. దీన్నే మాత్ ఆర్కిడ్ అంటారు. ఇది కుక్కలకు, పిల్లులకు విషం కాదని అమెరికాకు చెందిన జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ తన జాబితాలో పేర్కొంది. అలాగని తినిపించొచ్చని కాదు. ఎక్కువగా నమిలితే వాంతి, విరేచనం కావచ్చు. కొనేటప్పుడు రకం పేరు అడిగి రాసుకోవడం మంచిది.

అసలు ముప్పు కుండీలోనే!

మొక్కలో విషం లేకపోయినా, దానికి వేసే మందుల్లో ఉండొచ్చు. నత్తల కోసం చల్లే మెటాల్డిహైడ్ గుళికలు తింటే కుక్కకు వణుకు, ఫిట్స్ వస్తాయి. సేంద్రియ ఎరువే కదా అని ఆముదం పిండి వేస్తుంటారు. అందులో రైసిన్ అనే విషం ఉంటుంది. వాసనకు కుక్కలు దాన్ని ఇష్టంగా తింటాయి. పురుగుమందు కొట్టిన కుండీని కూడా కుక్కకు అందకుండా పెట్టాలి.

ఈ మొక్కలతో జాగ్రత్త

* గన్నేరు, పచ్చ గన్నేరు: ఆకు, పువ్వు, కాయ.. అన్నీ విషమే. గుండె కొట్టుకునే తీరు దెబ్బతింటుంది. అడీనియం కూడా ఇదే కోవకు చెందింది.
* సాగో పామ్: కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గింజలు మరీ ప్రమాదం.
* మనీ ప్లాంట్, డైఫెన్‌బాకియా: నమిలితే నోరు మండి, చొంగ కారుతుంది.
* కలబంద: వాంతులు, విరేచనాలు అవుతాయి.

కుక్క తినేస్తే ఏం చేయాలి?

ముందు నోట్లో మిగిలిన ముక్కలు తీసేయండి. ఉప్పు నీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం అస్సలు చేయొద్దు, అది ఇంకో ప్రమాదం. తిన్న మొక్క కొమ్మ గానీ, మందు ప్యాకెట్ గానీ వెంట తీసుకుని వెంటనే పశు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది చెప్పగలిగితే చికిత్స తేలికవుతుంది. ప్రొద్దుటూరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది. రాష్ట్రంలో సంచార పశు వైద్య సేవల టోల్‌ఫ్రీ నంబర్ 1962. గన్నేరు, సాగో పామ్ విషయంలో "పొద్దున చూద్దాంలే" అనుకోవద్దు. లక్షణాలు బయటపడేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

ఆర్కిడ్ కుండీని ఎత్తులో పెట్టుకుంటే సరిపోతుంది. కానీ గేటు పక్కన గన్నేరు ఉందేమో ఈరోజే ఒకసారి చూసుకోండి.