పాత ట్రాక్టరుకు పాత బేలరు: కొనేముందు చూడవలసినవి

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల పొలాలు క్రమంగా భవనాల కిందికి పోయాయి. ఆ చుట్టుపక్కల పశువులున్నవారు వరిగడ్డిని శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నుండో, ఇంకా దూరం నుండో తెచ్చుకోవలసి వస్తున్నది. విడిగడ్డి లారీకెత్తితే సగం కిరాయి గాలికే పోతుంది. అందుచేత కొందరు సభ్యులు గడ్డి కట్టలు కట్టే బేలరును పాతదైనా కొనాలని చూస్తున్నారు.

బేలరు ధర అడిగే ముందు మీ ట్రాక్టరును చూసుకోండి. ఇంజను అశ్వశక్తి అంతా పి.టి.ఓ. షాఫ్టు దాకా రాదు. నూటికి పది, పదిహేను వంతులు దారిలోనే పోతాయి. అరిగిన ఇంజనుకు ఇంకా తగ్గుతుంది. చిన్న గుండ్రని కట్టలు కట్టే బేలరుకు సాధారణంగా 35 అశ్వశక్తి ట్రాక్టరు కావాలి. 25 అశ్వశక్తి హెచ్.ఎం.టి. 2511 వంటిది ఉన్నవారు బేలరు కొనవద్దనే నా అభిప్రాయం. వారు కిరాయికి కట్టించుకోవడమే మేలు.

తర్వాత చూడవలసింది క్లచ్చు. చదరపు కట్టల బేలరులో గడ్డిని కుక్కే దిమ్మెకు ఊపునిచ్చే బరువైన చక్రం ఉంటుంది. సింగిల్ క్లచ్చు ట్రాక్టరులో మీరు క్లచ్చు తొక్కినా ఆ చక్రం తిరుగుతూనే ఉండి, పి.టి.ఓ. ద్వారా గేర్లను తిప్పి, బండిని ముందుకు నెడుతుంది. ఎదుట గట్టో, మనిషో ఉంటే ప్రాణాపాయమే. పి.టి.ఓ. షాఫ్టుకు ఓవర్‌రన్ క్లచ్చు అమర్చనిదే అలాంటి ట్రాక్టరుకు చదరపు బేలరు తగిలించరాదు.

గుండ్రని బేలరుతో ఈ భయం తక్కువ, ఇబ్బంది వేరు. పురికొస చుట్టేటప్పుడు బండి ఆగాలి, పి.టి.ఓ. తిరగాలి. డబుల్ క్లచ్చు ఉంటే సులువు. సింగిల్ క్లచ్చుకు తొక్కగానే రెండూ ఆగుతాయి. న్యూట్రల్‌లో వేసి మళ్లీ వదలాలి. ఈలోగా గడ్డి నోటిలో ఇరుక్కుంటుంది. దాన్ని లాగబోయేవారు ముందు ఇంజను ఆపాలి. తిరిగే యంత్రంలో చెయ్యి పెట్టరాదు.

ఇక యంత్రం సంగతి. కొత్తగా రంగు వేసిన పాత బేలరును నేను ముందే అనుమానిస్తాను. గొలుసు, పళ్లచక్రాలు, రోలర్ల బేరింగులు, గడ్డి ఎత్తే ముళ్లు చేతితో కదిపి చూడండి. షియర్ బోల్టు ఉండవలసిన చోట గట్టి బోల్టు బిగించి ఉంటే, లోపల ఏదో వంగి ఉంటుందనుకోండి. చదరపు బేలరైతే ముడివేసే భాగం ముఖ్యం. అది అరిగితే బాగుచేసే మేస్త్రీ దొరకడం కష్టం.

అమ్మేవాని ట్రాక్టరుతో కాదు, మీ ట్రాక్టరుతో, ఎండిన గడ్డిలో కనీసం ఇరవై కట్టలు కట్టించి చూడండి. సబ్సిడీపై కొన్న యంత్రమైతే అమ్మకంపై షరతు ఉన్నదేమో వ్యవసాయాధికారి వద్ద విచారించి, యంత్రం నంబరు రాయించుకున్న రసీదు తీసుకున్నాకే మిగతా సొమ్ము చెల్లించండి.