మజ్జిగ చల్లార్చని మంట

దురద, మంట, తెల్లబట్ట. కూతురు ఈ మాట ఎత్తగానే చాలా తెలుగు ఇళ్లలో తల్లి తేల్చేసే కారణం ఒక్కటే: వేడి చేసింది. వెంటనే సబ్జా నీళ్లు, బార్లీ, పల్చటి మజ్జిగ గ్లాసుల్లోకి దిగుతాయి. ఇవేవీ ఒంటికి చెరుపు చేయవు. చిక్కల్లా, వీటితోనే వారాలు గడిచిపోవడం.

నలుగురు మహిళల్లో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే ఈ ఇబ్బందికి కారణం కాండిడా అనే ఈస్టు. చాలామందిలో ఏ హానీ చేయకుండా ఉండే ఈ శిలీంధ్రం యాంటీబయాటిక్స్ వాడినప్పుడో, గర్భం దాల్చినప్పుడో, రక్తంలో చక్కెర పెరిగినప్పుడో విజృంభిస్తుంది.

ఇంటి వైద్యాల్లో కాస్తోకూస్తో శాస్త్రం అండ దొరికింది పెరుగుకే. రోజూ ఓ కప్పు పెరుగు తిన్నవారిలో ఇన్ఫెక్షన్లు మూడో వంతుకు తగ్గాయని 1992లో న్యూయార్క్ వైద్యులు ప్రకటించారు. కానీ వారి అధ్యయనంలో చేరిన 33 మందిలో చివరిదాకా నిలిచింది 13 మందే. పైగా అది లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్ ఉన్న పెరుగు. మన తోడులో ఏ సూక్ష్మజీవి ఉందో ఏ ఇల్లాలు చెప్పగలదు? యాంటీబయాటిక్స్ వాడుతున్న మహిళలపై ఆస్ట్రేలియాలో జరిపి 2004లో ప్రచురించిన పరీక్షలో లాక్టోబాసిల్లస్ ఈ ఇన్ఫెక్షన్‌ను ఆపలేకపోయింది. అక్కడే 2014లో వెల్లుల్లి మాత్రలదీ అదే ఫలితం. క్రాన్‌బెర్రీ రసం గొడవంతా మూత్రకోశ ఇన్ఫెక్షన్లది, దీనిది కాదు. వెల్లుల్లి రెబ్బనో వెనిగర్‌నో లోపల వాడితే సున్నితమైన చర్మం కాలుతుంది.

అసలు మందు చవకే: యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు, లేదా నోటితో వేసుకునే 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ ఒక్కటి. గర్భిణులు మాత్రం రెండోది వాడకూడదు. తెల్లబట్టకు చేపవాసన ఉంటే అది సాధారణంగా బ్యాక్టీరియా పని, దానికి మందు వేరు. అందుకే పరీక్ష అవసరం. సిగ్గుపడి, మందుల షాపులో పేరు చెప్పకుండా అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దురదను అణచి, శిలీంధ్రాన్ని పెంచుతాయి.

ఏడాదిలో మూడుసార్లు తిరగబెడితే చక్కెర పరీక్ష చేయించుకోవాలి. మధుమేహం ముందుగా ఇలా బయటపడేవారూ ఉన్నారు. ఇప్పటికే ఆ జబ్బుకు డపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడుతుంటే మూత్రంలో చక్కెర పోతూ ఈస్టుకు మేత దొరుకుతుంది. ఆ మాత్ర సొంతంగా మానేయకుండా, దురద సంగతి దాన్ని రాసిన డాక్టరుకే చెప్పాలి.