చలి హెచ్చరికలలోని అంకెలు

పుష్యమాసము సమీపించినదనగానే పత్రికలలోను, రేడియోలోను, ఇప్పుడు చేతి ఫోనులలోను ఒక తీరు వార్త కనబడుచుండును. తెలంగాణలో ఒకటి రెండు చోట్ల శీతల గాలులు వీచుననియు, ఆదిలాబాదు జిల్లాకు ఎల్లో అలర్టు ఇచ్చినారనియు దాని సారాంశము. చలి ఎక్కువగా ఉండునని మాత్రమే చాలమంది దీనికి అర్థము చెప్పుకొందురు. కాని భారత వాతావరణ శాఖవారి భాషలో ‘శీతల గాలులు’ అనునది వట్టి వర్ణన కాదు. లెక్క కట్టి తేల్చిన మాట.

ఈ లెక్కకు మూలము కనిష్ఠ ఉష్ణోగ్రత, అనగా రాత్రి తెల్లవారులోపల గాలి ఎంత చల్లబడినదో ఆ అంకె. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసి, గాలి ఆడుటకై పక్కల వాలు పలకలు అమర్చిన చెక్క పెట్టెలో ఉష్ణమాపకము నుంచుదురు. దీనికి స్టీవెన్‌సన్ తెర అని పేరు. (దీనిని రూపొందించిన థామస్ స్టీవెన్‌సన్ స్కాట్లండు ఇంజనీరు, ‘ట్రెజర్ ఐలండ్’ నవలాకారునికి తండ్రి.) కనిష్ఠ ఉష్ణమాపకములో పాదరసమునకు బదులు ఆల్కహాలు ఉండును. చలికి ఆల్కహాలు కుదించుకొనునపుడు అందులోని చిన్న సూచికను తనతో వెనుకకు లాగును. వేడికి వ్యాకోచించునపుడు దానిని అక్కడనే విడిచి ముందుకు సాగిపోవును. అందుచేత ఉదయము 8.30 గంటలకు చూచినను రాత్రి చేరిన అతి తక్కువ అంకె తెలియును. నేడు పెక్కుచోట్ల స్వయంచాలక యంత్రములే ఈ పని చేయుచున్నవి.

ఒక ఊరిలో ఆయా దినములకు ముప్పది సంవత్సరముల సగటును ‘సాధారణ ఉష్ణోగ్రత’ అందురు. మైదాన ప్రాంతమున కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని ఉండి, సాధారణముకంటె 4.5 నుండి 6.4 డిగ్రీల వరకు తగ్గినచో శీతల గాలులనియు, 6.4 డిగ్రీలకు మించి తగ్గినచో తీవ్ర శీతల గాలులనియు నిర్ణయింతురు. కనిష్ఠము 4 డిగ్రీలకు దిగినచో సగటుతో పనిలేదు, అవి శీతల గాలులే. 2 డిగ్రీలకు దిగినచో తీవ్రమైనవి.

ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేసి చూపవచ్చును. ఒక ఊరి సాధారణ కనిష్ఠము 14 డిగ్రీలు, ఒకనాడు 9.2 నమోదైనది. తగ్గుదల 4.8 కనుక శీతల గాలులే. మరియొక ఊరి సాధారణము 11, అక్కడ 8.5 నమోదైనది. తగ్గుదల 2.5 మాత్రమే కనుక కాదు. రెండవ ఊరిలోనే చలి ఎక్కువ, అయినను ఆ పేరు మొదటి ఊరికే దక్కినది! ఇందులో యుక్తి లేకపోలేదు. చలికి అలవాటుపడిన చోట ఇండ్లు, దుప్పట్లు, పైరులు, పశువుల పాకలు అందుకు తగినట్లే ఉండును. అలవాటు లేనిచోట హఠాత్తుగా దిగిన చలియే ఎక్కువ చేటు చేయును. అయితే కప్పుకొన గుడ్డలేక బస్టాండులో పడుకొను ముసలివానికి ఈ సగటు ఏమి సాయపడును? హెచ్చరిక లేకపోవుట ప్రమాదము లేకపోవుటకు గుర్తు కాదు. పైగా పెట్టెలోని అంకె నాలుగడుగుల ఎత్తున ఉన్న గాలిది. మబ్బు, గాలి లేని రాత్రి నేల తన వేడిని ఆకాశములోనికి విడిచి, పైగాలికంటె కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడును. కటికనేలపై పరుండువానికి తగులు చలి ఆ అంకెకంటె తీవ్రమైనది.

సముద్రతీరమున నియమము వేరు. నీరు ఆలస్యముగా చల్లబడును గనుక కాకినాడ వంటి చోట కనిష్ఠము 10 డిగ్రీలకు దిగుట అరుదు. అందుచే అక్కడ 15 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని ఉండి, 4.5 డిగ్రీలు తగ్గినను చాలును. కొండప్రాంతములకైతే హద్దు 0 డిగ్రీలు.

ఇక ‘ఒకటి రెండు చోట్ల’ అను మాట. దేశమును 36 వాతావరణ ఉపవిభాగములుగా విభజించినారు. తెలంగాణ అంతయు అందులో ఒకటి, కోస్తాంధ్ర యానాములు కలిసి ఒకటి, రాయలసీమ ఒకటి. ఉపవిభాగములోని కేంద్రములలో నూటికి 25కు మించని వానిలో సంభవించునది ‘ఒకటి రెండు చోట్ల’. 26 నుండి 50 వరకు ‘కొన్ని చోట్ల’. 75 వరకు ‘అనేక చోట్ల’. కనుక ఈ మాట విని ఖమ్మమువారు భయపడనక్కరలేదు. జిల్లా పేరు చూచుకొనవలెను.

రంగుల విషయమున పత్రికలు కొంత గందరగోళము కల్పించినవి. అన్నింటిని ‘అలర్టు’ అనియే వ్రాయుచున్నారు గాని, శాఖవారి వాడుకలో పసుపు ‘వాచ్’, అనగా గమనించుచుండుడని. నారింజ ‘అలర్ట్’, సిద్ధముగా ఉండుడని. ఎరుపు ‘వార్నింగ్’, చర్య తీసికొనుడని. ఆకుపచ్చకు హెచ్చరిక లేదని అర్థము. రంగు చలిని మాత్రమే కొలువదు. కలుగబోవు నష్టమెంత, అది జరుగు సంభావ్యత ఎంత అను రెండింటిని కలిపి చూచి నిర్ణయింతురు. నాలుగు దినముల ముందు పసుపుగా ఉన్నది, నిశ్చయము పెరిగినకొలది నారింజగా మారవచ్చును. కనుక నిన్నటి హెచ్చరికతో నేటి పని నడువదు.

పొగమంచుకు కొలత దృష్టి సాగు దూరము. 200 మీటర్లలోపు వస్తువులు మాత్రమే కనబడినచో దట్టమైనది, 50 మీటర్లు కూడ కనబడనిచో అతి దట్టమైనది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు లారీ 50 మీటర్లను మూడు సెకన్లలో దాటును.

చలి హెచ్చరికలతోపాటు వచ్చు సూచనలలో తరచుగా నిర్లక్ష్యము చేయబడునది కుంపటిని గురించినది. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గులు రాజేసినచో, చాలినంత ప్రాణవాయువు అందక కార్బన్ మోనాక్సైడు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్ దీనిని ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, మత్తు మొదట కలుగును. నిద్రలో ఉన్నవానికి అవియు తెలియవు. బాలింతల గదిలో కుంపటి పెట్టు ఆచారమున్న ఇండ్లలో, పడుకొనుటకు ముందే దానిని వెలుపల పెట్టి, ఒక కిటికీ కొంచెము తెరచి ఉంచవలెను.