బీరువాలోని గాలికి కిరాయి

నూరు కిలోల బియ్యము దూరపు ఊరినుండి లారీలో వచ్చినప్పుడు దానికగు కిరాయి స్వల్పముగనే యుండును. అంతే బరువుగల కొయ్య బీరువా అదే దారిని ఇంటికి వచ్చినచో ఇవ్వవలసిన సొమ్ము దానికి ఎన్నో రెట్లు. లారీ యొకటే, దారి యొకటే, బరువును ఒకటే. అట్లయినచో ఈ భేదమునకు కారణమేమి? రవాణాదారు లాభాపేక్షయే కారణమని పలువురు తలంతురు. లాభము మాట యెట్లున్నను, ఈ భేదములో చాలభాగమునకు కారణము పాఠశాలలో నేర్చుకొను క్షేత్రగణితములోనే దొరకును.

బరువు కాదు, చోటు

ఒక టేకు బీరువాను ఉదాహరణముగా తీసికొనవచ్చును. దాని ఎత్తు 180 సెంటీమీటర్లు, వెడల్పు 120, లోతు 60. అది ఆక్రమించు చోటు 1.8 × 1.2 × 0.6, అనగా సుమారు 1.3 ఘన మీటర్లు. అయితే అందులో కొయ్య యెంత? రెండు ప్రక్కలు, పైపలక, అడుగుపలక, తలుపులు, మూడు అరపలకలు – వీని వైశాల్యము మొత్తము 7.92 చదరపు మీటర్లు. వీని మందము 18 మిల్లీమీటర్లనియు, వెనుక పలక మందము 6 మిల్లీమీటర్లనియు అనుకొన్నచో, కొయ్య మొత్తము 0.156 ఘన మీటరు మాత్రమే. అనగా బీరువాలో నూటికి 12 వంతులు కొయ్య. మిగిలిన 88 వంతులు గాలి!

టేకు సాంద్రత ఘన మీటరునకు సుమారు 650 కిలోలు. కావున ఈ బీరువా బరువు ఇంచుమించు 100 కిలోలు. దాని చోటులో బియ్యము నింపినచో సుమారు పది క్వింటాళ్ళు పట్టును. కొనువాడు కొయ్యను కొనుచున్నాడు. కాని లారీ యజమాని అమ్ముచున్నది చోటు.

సరుకులను విమానములలో పంపు పెక్కు సంస్థలు ఈ విషయమును ఒక సూత్రముగా మార్చుకొన్నవి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, ఆ లబ్ధమును 5000 చే భాగించిన వచ్చునది ‘ఘనపరిమాణపు బరువు’. ఇదియు, అసలు బరువును పోల్చి, ఏది యెక్కువయైన దానికే కిరాయి కట్టుదురు. పై బీరువాకు ఈ లెక్క 259 కిలోలు వచ్చును. రోడ్డు రవాణాలో భాజకము వేరుగా నుండును గాని సూత్రము ఒక్కటే.

అయిదు సెంటీమీటర్ల మెత్త

బీరువాను అట్లే లారీకెక్కించుట కుదరదు. మూలలు విరుగకుండ, మెరుగు చెడకుండ అట్టలు, మెత్తలు చుట్టవలెను. అన్ని వైపుల అయిదేసి సెంటీమీటర్ల మెత్త పెట్టినచో కొలతలు 190, 130, 70 అగును. ఇది చిన్న మార్పువలె కనబడును. కాని గుణించి చూచినచో ఘనపరిమాణము 1.3 నుండి 1.73 ఘన మీటర్లకు పెరిగినది. మూడు కొలతలును ఒకేసారి పెరుగుటచే చోటు మూడవ వంతు అధికమైనది.

లారీ పెట్టె లోపలి పొడవు 4.5 మీటర్లు, వెడల్పు 2, ఎత్తు 2 మీటర్లు అనియు, అది 4 టన్నులు మోయగలదనియు అనుకొన్నచో, ఇట్టి బీరువాలు అందులో నిలువుగా తొమ్మిది పట్టును. వాని పైన మిగులు సందు పది సెంటీమీటర్లు మాత్రమే. తొమ్మిది బీరువాలకు లారీ నిండినది. కాని మోయుచున్న బరువు ఒక టన్నునకు మించలేదు. డ్రైవరు జీతము, రహదారి సుంకము ఏమియు తగ్గవు. లారీ సొంత బరువును లాగుటకు, ఎదురుగాలిని చీల్చుటకు కాలవలసిన డీజిలు కాలకతప్పదు. ఈ ఖర్చంతయు తొమ్మిదిమందికే పంచబడును.

గిడ్డంగి నుండి గుమ్మము వరకు

ఊరినుండి ఊరికి లారీలు నిండుగా పోవును. గిడ్డంగి నుండి ఇంటికి పోవు చివరి దారియే ఎక్కువ ఖరీదైనది. చిన్న పొట్లములు పంచువాడు ఒక్కడే ఒక దినమున ఎన్నో ఇండ్లు తిరుగును. బీరువాకు ఇద్దరు ముగ్గురు కూలీలు, పెద్ద బండి, ప్రతి ఇంటివద్ద చాలసేపు ఆగుట తప్పదు. ఇంటివారు లేకున్నను, సరుకు దెబ్బతిన్నను, అంత దారియు తిరిగి పోవలెను.

మెట్ల సంగతి మరింత విచిత్రము. 100 కిలోల బీరువాను 9 మీటర్ల ఎత్తునకు చేర్చుటకు కావలసిన పని 100 × 9.8 × 9, అనగా 8,820 జౌళ్ళు; సుమారు రెండు కిలోకాలరీలు. చెంచాడు పంచదారలోని శక్తిలో ఇది యెనిమిదవ వంతు! కాని కూలీ పడు శ్రమ అంతటితో పోదు. అతడు తన శరీరమును గూడ పైకి మోయవలెను. బరువును కదల్చక పట్టుకొని నిలుచున్నను కండరములు శక్తిని ఖర్చు చేయుచునే యుండును. భౌతికశాస్త్రపు లెక్కలో అది ‘పని’ కాదు. కూలీ నడుము మాత్రము దానిని పనిగానే ఎంచును. అతని కూలి కిరాయిలో చేరుట న్యాయమే.

ఇక మలుపులు. మీటరు వెడల్పుగల నడవ లంబకోణములో తిరిగినచో, 60 సెంటీమీటర్ల వెడల్పుగల దీర్ఘచతురస్రము ఎంత పొడవువరకు ఆ మలుపు తిరుగగలదు? నడవ వెడల్పును 2 యొక్క వర్గమూలముచే గుణించి, అందు వస్తువు వెడల్పును తీసివేసి, రెట్టింపు చేయవలెను. వచ్చునది 1.63 మీటర్లు. 1.8 మీటర్ల బీరువాను పడుకోబెట్టి మోసినచో అది మలుపువద్ద చిక్కుకొనును; నిలువుగా నిలిపినచో తిరుగును. ఏ ఆకారమైనను కావచ్చుననినచో, ఇట్టి మలుపు తిరుగగల అతిపెద్ద వైశాల్యమెంత అను ప్రశ్నను 1966లో లియో మోజర్ ప్రకటించెను. 1992లో గెర్వర్ చూపిన ఆకారమే గరిష్ఠమను నిరూపణను జినియాన్ బేక్ 2024లో వెలువరించెను. ‘సోఫా సమస్య’ యను పేర ప్రసిద్ధమైన ఈ ప్రశ్న గణితజ్ఞులను అర్ధశతాబ్దికి పైగా చిక్కులో పెట్టినది.

విడదీసిన కుర్చీ

గాలిని మోయుట మానవలెనన్నచో వస్తువును విడదీయవలెను. కోళ్ళు, పట్టెలు ఊడదీసిన పందిరి మంచము బండిపై కొంచెము చోటే పట్టును. దీనిని పెద్ద పరిశ్రమగా మార్చినవాడు వియన్నాలో స్థిరపడిన మైకేల్ థోనె. 1859లో అతడు తయారుచేసిన 14వ నంబరు కుర్చీకి వంచిన కొయ్యతోకూడిన ఆరు భాగములు, పది మరలు, రెండు నట్లు మాత్రమే. కూర్చిన కుర్చీలు ఒక ఘన మీటరు పెట్టెలో ఐదారుకు మించి పట్టవు. విడిభాగములుగా 36 కుర్చీలు పట్టెను. ఇరువదవ శతాబ్ది నడుమ స్వీడనులోని ఐకియా సంస్థ ఈ పద్ధతిని బల్లలకు, బీరువాలకు విస్తరింపజేసినది. భారతదేశమున దాని మొదటి దుకాణము 2018లో హైదరాబాదులో తెరువబడినది.

అయితే ఖర్చు పూర్తిగా మాయము కాదు. కూర్చుటలోని శ్రమ కార్ఖానా నుండి కొనువాని ఇంటికి మారును. మరలతో బిగించిన కీళ్ళు మాటిమాటికి విప్పి బిగించినచో వదులగును. ఏది మేలో నిర్ణయించుకొనుటకు లెక్క తెలియవలెను.

తరగతిలోని బీరువాను టేపుతో కొలిచి, దాని ఘనపరిమాణమును, పలకల ఘనపరిమాణమును విద్యార్థులు వేరువేరుగా కట్టవచ్చును. తరువాత పాఠశాల గుమ్మమును, మెట్ల మలుపును కొలిచి, ఆ బీరువా ఏ విధముగా లోనికి వచ్చియుండునో ఊహింపవచ్చును. నూటికి ఎన్ని వంతుల గాలికి కిరాయి చెల్లించిరో అప్పుడు వారికే తెలియును.