హాబీ ఈత... నీళ్లలో కాదు!

మీ రెజ్యూమె ఒకసారి తెరవండి. చివర్లో, డిక్లరేషన్‌కి కాస్త పైన, 'హాబీస్' అని ఒక వరుస ఉంటుంది. పుస్తకాలు చదవడం, పాటలు వినడం, క్రికెట్ ఆడటం... అంతేనా? నాదీ అంతే. బీటెక్ అయిపోయి పది నెలలు దాటినా అందులో 'రీడింగ్ బుక్స్' అనే ఉండేది. ఓ ఇంటర్వ్యూలో, ఈమధ్య చదివిన పుస్తకం ఏంటని అడిగారు. నా నోటికొచ్చిన పేరు ఇంటర్‌లో ఉన్న ఇంగ్లిష్ నాన్‌డిటెయిల్‌ది. అడిగినాయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఇప్పుడు అదే వరుసలో 'పామ్ చెట్లను గుర్తించడం, పెంచడం' అని ఉంటుంది. చదివినవాళ్లు అక్కడ ఆగుతారు. ఒకాయనైతే 'తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నీ హాబీ' అన్నాడు. 'తాటి కూడా గడ్డికి బంధువే సర్, రెండూ ఏకదళబీజాలే' అన్నాను. ఆ మాట ఎక్కడిదాకా వెళ్లిందో తర్వాత చెబుతా.

అప్పట్లో కృష్ణానగర్‌లో రూమ్. నా రూమ్‌మేట్ సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అసిస్టెంట్. పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. నాకు అసలు లేదు. ఇంట్లోవాళ్లు ఫోన్ చేసే టైమ్‌కి రూమ్‌లో ఉండకూడదని పొద్దున్నే లేచి నడిచేవాణ్ణి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ఎక్కి, సందుల్లోంచి ఫిల్మ్‌నగర్ దాకా. ఖర్చు లేని పని. ఓ రోజు అమ్మ ఫోన్ దారిలోనే దొరకబుచ్చుకుంది. ఏం మాట్లాడాలో తెలియక, 'ఇక్కడ కొబ్బరిచెట్లు మస్తున్నయే అమ్మా' అన్నాను, ఓ బంగ్లా గేటు ముందు నిలబడి.

గేటు లోపల మొక్కలకు నీళ్లు పెడుతున్న పెద్దాయన పైపు పక్కకు తిప్పి, 'కొబ్బరి కాదు బాబూ అయ్యి. రాయల్ పామ్‌లు. ఆటి కాయ కోసం చూస్తే నీకు చట్నీ రాదు' అన్నాడు. ఆయనది అంబాజీపేట వైపు. 'మాను పైన ఆ ఆకుపచ్చ గొట్టం చూడు. కొబ్బరికి ఉంటాదా అది?' అని అడిగాడు. ఊళ్లో ఈత, తాటి చూస్తూ పెరిగిన నల్గొండోణ్ణి. కొబ్బరి సంగతి కోనసీమాయనతో వాదించే ధైర్యం చేయలేదు. కానీ ఆ గొట్టం ఇన్నాళ్లూ నా కంటికి ఎందుకు ఆనలేదన్నది మాత్రం పట్టుకుంది.

మూడు ప్రశ్నలతో మొదలు

ప్రపంచంలో పామ్ జాతులు సుమారు 2,600. భయపడకండి. జూబ్లీహిల్స్ రోడ్ల మీద మీకు ఎదురయ్యేవి ఓ పదీ పన్నెండు. మొదటి ప్రశ్న: ఆకు విసనకర్రలా ఉందా, పక్షి ఈకలా ఉందా? తాటి, వాషింగ్టోనియా, వెండి రంగులో మెరిసే బిస్మార్క్ పామ్ విసనకర్ర జట్టు. కొబ్బరి, ఈత, పోక ఈక జట్టు. ఈ రెండింటికీ లొంగనిది జీలుగు. దాని మట్ట ఒకసారి చీలి, చీలిన కొమ్మ మళ్లీ చీలుతుంది. చివర రెబ్బ చేప తోకలా ఉంటుంది. పామ్ కుటుంబం మొత్తంలో ఆకు ఇలా రెండుసార్లు చీలేది జీలుగు ప్రజాతి ఒక్కటే. ఏజెన్సీ ప్రాంతాల వాళ్లకు జీలుగు కల్లు గురించి నేను చెప్పక్కర్లేదు. నగరంలో దాన్నే 'ఫిష్‌టెయిల్' అని కుండీలో పెట్టి అమ్ముతారు.

రెండోది, పెద్దాయన చెప్పిన గొట్టం. మట్టల అడుగు భాగాలు ఒకదాన్నొకటి గట్టిగా చుట్టుకుని మాను పైన నున్నటి ఆకుపచ్చ స్తంభంలా కనిపిస్తాయి. రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్, బాటిల్ పామ్, పోక... వీటికి ఉంటుంది. కొబ్బరికి, ఈతకు ఉండదు. గొట్టం ఉండి, మాను సిమెంట్ స్తంభంలా తెల్లగా, మధ్యలో కాస్త లావెక్కి ఉంటే రాయల్ పామ్. దాని స్వస్థలాల్లో ఒకటైన క్యూబాకు అది జాతీయ వృక్షం. మాను అడుగున సీసాలా ఉబ్బి, పైన నాలుగైదు మట్టలే ఉంటే బాటిల్ పామ్. అది మారిషస్ దగ్గరున్న రౌండ్ ఐలండ్ నుంచి వచ్చింది. మట్ట చుట్టూ రెబ్బలు అన్ని వైపులకూ లేచి నక్క తోకలా కుచ్చుగా ఉంటే ఫాక్స్‌టెయిల్.

మూడోది నాకు అన్నింటికంటే ఇష్టం. రెబ్బ మట్టకు అతుక్కునే చోట ఎటు మడిచి ఉందో చూడండి. ఈతలో రెబ్బ పైకి తెరిచిన దోనెలా ఉంటుంది, వాన పడితే నీళ్లు నిలిచేటట్టు. కొబ్బరిలో అదే దోనె బోర్లించి ఉంటుంది. చెట్టు ఎంత చిన్నదైనా, కాయ లేకపోయినా, ఆకు ఎండి రాలిపోయినా ఈ తేడా పోదు. ఈక ఆకుల పామ్‌లలో ఈత, ఖర్జూరం ఉన్న ప్రజాతి లాంటి కొద్ది ప్రజాతులే ఇలా పైకి తెరుచుకుంటాయి. నేను చిన్నప్పటి నుంచీ ఈతాకుతో ఆడుకున్నాను. ఈత చాపల మీద పడుకున్నాను. ఒక్కసారి కూడా చూడలేదు.

ఈత శాస్త్రీయ నామం ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. ఆ పేరు పూర్తిగా రాస్తే చివర 'రాక్స్‌బ్' అని ఉంటుంది. అంటే విలియం రాక్స్‌బర్గ్. 1780లలో కాకినాడ దగ్గరి సామర్లకోటలో తోట వేసి, మన కోస్తా మొక్కలను ఒక్కొక్కటిగా బొమ్మలు గీయించి నమోదు చేసిన వైద్యుడు. 1793లో కలకత్తా వెళ్లిపోయాడు. ఈత పేరు పక్కన ఆయన పేరు ప్రపంచమంతా తిరుగుతోంది.

ఓ హెచ్చరిక. పేరులో పామ్ ఉన్నదల్లా పామ్ కాదు. అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర కనిపించే సాగో పామ్ నిజానికి సైకస్. అసలు పూలే పూయని జాతి. ట్రావెలర్స్ పామ్ అరటికి దూరపు చుట్టం. పోనీటెయిల్ పామ్ కూడా కాదు. నర్సరీలో చెప్పిన పేరు నమ్మకండి, చెట్టును నమ్మండి.

నా మోడల్ గోడను నేర్చుకుంది

ఇంజినీరింగ్ బుద్ధి ఊరుకోదు కదా. రెండు నెలల్లో ఫోన్లో ఆరొందల పైచిలుకు ఫొటోలు పోగయ్యాయి. 'దీన్ని ప్రాజెక్ట్ చేసేద్దాం' అనుకున్నా. ఉచితంగా దొరికే కోలాబ్‌లో చిన్న ఇమేజ్ క్లాసిఫయర్ ట్రెయిన్ చేశాను. ఎనిమిది రకాలు, అక్యురసీ 93 శాతం. రెజ్యూమెలో ఎక్కించేశాను. రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

తర్వాతి ఆదివారం, ముందెప్పుడూ వెళ్లని సందుల్లో కొత్త ఫొటోలు తీసి పెట్టాను. 54 శాతం. బాటిల్ పామ్‌ను రాయల్ అంది. రాయల్‌ను కొబ్బరి అంది. నాలాగే.

కారణం తెలియడానికి వారం పట్టింది. ఒక్కో చెట్టుకు నేను పది, పన్నెండు ఫొటోలు తీశాను. వాటిని కలిపేసి యాదృచ్ఛికంగా ట్రెయిన్, టెస్ట్‌గా విడగొట్టాను. అంటే అదే చెట్టు రెండు వైపులా ఉంది. పైగా నా రాయల్ పామ్‌లు చాలావరకు ఒకే తెల్ల ప్రహరీ ముందున్నవి. మోడల్ నేర్చుకున్నది చెట్టును కాదు, గోడను. ఫొటోల లెక్కన కాకుండా చెట్ల లెక్కన విడగొట్టి మళ్లీ చేస్తే 61 దగ్గర ఆగింది. అప్పుడు ఫొటోలు తీసే పద్ధతి మార్చాను. చెట్టుకు నాలుగే ఫొటోలు: మొత్తం చెట్టు, మాను పైభాగం, రెబ్బ అతుక్కునే చోటు, కాయో పువ్వో. 78 దాకా వచ్చింది. రెజ్యూమెలో 93 కొట్టేసి 78 రాశాను. చేయి వణికింది, ఒప్పుకుంటాను.

దూడగడ్డి అన్న ఇంటర్వ్యూకి ఇప్పుడు వద్దాం. నా మాటకు ఆయన నవ్వి, 78 ఏంటి అంత తక్కువ అని అడిగాడు. గోడ కథ చెప్పాను. అక్కణ్నుంచి నలభై నిమిషాలు మేం మాట్లాడుకున్నది దాని గురించే. డేటా లీకేజ్, తక్కువ ఫొటోలున్న రకాలను ఏం చేశావు, లేత మొక్కల్లో ఆకు ఇంకా చీలదు కదా అప్పుడెలా... కాగితం మీద గొట్టం, దోనె గీసి చూపించాను. ఆ ఉద్యోగం నాకు రాలేదు. అనుభవం ఉన్నవాళ్లు కావాలన్నారు. కానీ ఇంటర్వ్యూ నుంచి తల ఎత్తుకుని బయటికొచ్చింది అదే మొదటిసారి. మూడో నెలలో మరోచోట వచ్చింది, అక్కడా 78 గురించే అడిగారు.

హాబీ ఉంటే జాబ్ వస్తుందని నేను అనడం లేదు. మీరు నిజంగా చేసిన పని గురించి ఎంత లోతుకు అడిగినా మీ దగ్గర ఇంకో మాట ఉంటుంది. 'రీడింగ్ బుక్స్' దగ్గర నాకు లేనిది అదే.

1950ల ఊళ్లో నక్కతోక

రూమ్‌మేట్ మొదట్లో నన్ను చూసి నవ్వేవాడు. ఓ రాత్రి లొకేషన్ ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాడు. 1950ల నాటి పల్లెటూరి కథ. పెంకుటిల్లు, ఎడ్లబండి, వెనకాల మూడు చెట్లు. చూడగానే 'ఇవి ఫాక్స్‌టెయిల్స్‌రా, అప్పటికి లేవు' అన్నాను. ఫాక్స్‌టెయిల్ పామ్ ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ ఉత్తరాన, కేప్ మెల్‌విల్ రాతిగుట్టల్లో పెరిగే చెట్టు. శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టిందే 1983లో. ఆ చెట్టు గురించి బాగా తెలిసిన వోడ్యెటి అనే ఆదివాసీ పెద్ద పేరు మీద వోడ్యెటియా అన్నారు. నర్సరీల ద్వారా లోకమంతా పాకింది ఆ తర్వాతే. 1950లలో తెలుగు పల్లెలో అది ఉండే అవకాశమే లేదు. వాడు వాళ్ల సీనియర్‌కి చెప్పాడు. ఫ్రేమ్ కాస్త పక్కకు జరిపి, తాటిచెట్టు వచ్చేలా పెట్టారట. నాకు దక్కింది ఒక బిర్యానీ. వాడికి దక్కింది తర్వాతి సినిమాలోనూ పిలుపు.

మీలో సినిమా ఆర్ట్ విభాగం వైపు, ల్యాండ్‌స్కేపింగ్ వైపు చూస్తున్నవాళ్లుంటే గుర్తుంచుకోండి, చెట్లకూ కాలం ఉంటుంది. అన్నట్టు, ఫిల్మ్‌నగర్‌లో ఫొటోలు తీసేటప్పుడు జాగ్రత్త. హీరో ఇంటి ముందు ఫోన్ ఎత్తితే సెక్యూరిటీ వాళ్లు 'ఏ చెట్టు బ్రదర్?' అనరు. రోడ్డు మీదే నిలబడండి, గేటు, మనుషులు ఫ్రేమ్‌లో పడకుండా చూడండి, ఎవరైనా అడిగితే ఫొటో చూపించండి. నాకు సగం స్నేహాలు అలా మొదలైనవే.

చదువు వైపు నుంచి చూస్తే మన రెండు రాష్ట్రాల్లోనూ పామ్ అంటే హాబీ మాత్రమే కాదు. కేంద్రం 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్ పామ్ మిషన్ ప్రకటించింది. దేశంలో ఆయిల్ పామ్ గెలలు ఎక్కువగా వచ్చేది ఏపీ, తెలంగాణల నుంచే. జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఏలూరు దగ్గర పెదవేగిలో ఉంది. కొబ్బరికి అంబాజీపేటలో, తాటికి రంపచోడవరం దగ్గరి పందిరిమామిడిలో పరిశోధన కేంద్రాలున్నాయి. ఇంటర్ బైపీసీ తమ్ముళ్లు, చెల్లెళ్లు వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాల కోర్సులు చూడొచ్చు. మా బీటెక్ బ్యాచ్‌కి కూడా పని ఉంది. గెల పండిందా లేదా ఫొటోలో చెప్పడం, డ్రోన్ చిత్రంలో చెట్లు లెక్కపెట్టడం, రెండూ ఇమేజ్ సమస్యలే. గోడను నేర్చుకోకుండా చూసుకోండి.

గింజ దగ్గర ఓపిక

పెంచడానికి డబ్బు అక్కర్లేదు. తాటి తేగలు తిన్నారా? అయితే పామ్ మొలకెత్తడం మీరు చిన్నప్పుడే చూశారు. టెంక నుంచి మొలక ముందు భూమిలోకి దిగుతుంది, తర్వాతే ఆకు పైకొస్తుంది. మిగతా టెంక పగలగొడితే ఉండే తెల్లటి తీపి గుంజు ఆ మొలకకు ఆహారం, మనకు చిరుతిండి.

రోడ్డు మీద రాలిన ఫాక్స్‌టెయిల్ పండ్లు నారింజ ఎరుపులో ఉంటాయి. అడిగి ఏరుకోండి. గుజ్జు తీసేయండి. జీలుగు పండ్లయితే చేతులకు గ్లౌజులు తప్పనిసరి, ఆ దురద నాకు రెండు రోజులు పోలేదు. గింజలు రెండు మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. తడి కొబ్బరిపొట్టు నింపిన జిప్ కవర్లో వేసి, ఎండ నేరుగా తగలని వెచ్చని చోట పెట్టండి. వాషింగ్టోనియా కొద్ది వారాల్లోనే మొలుస్తుంది. ఫాక్స్‌టెయిల్‌కి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కవర్ రోజూ తెరిచి చూడకండి. రిజల్ట్స్ పేజీ రిఫ్రెష్ చేసినట్టు నేను చేశాను, బూజు పట్టింది.

మొక్క పెద్దయ్యాక ఒక్కటి గుర్తుంచుకోండి. ఒంటిమాను పామ్‌కు పెరిగే చోటు ఒక్కటే, మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే, పక్క కొమ్మ రాదు. కొబ్బరి రైతులు ఎర్రముక్కు పురుగంటే, మొవ్వు కుళ్లంటే వణికేది అందుకే. మానుకు తగిలిన గాయమూ మానదు. వేప మానులో మేకు కొడితే బెరడు ఏళ్ల తరబడి కమ్ముకుంటుంది. పామ్‌కు ఆ ఏర్పాటే లేదు. పండక్కి సీరియల్ లైట్లు కట్టడానికి కొట్టిన మేకుల బొక్కలు ఆ రాయల్ పామ్‌ల మీద అలాగే ఉన్నాయి. పెద్దాయన చూపించాడు, పైపు కింద పెట్టి మరీ.

ఆయన ఇచ్చినవే నా మొదటి గింజలు, పన్నెండు. మే నెలలో వేస్తే ఆగస్టుకు ఐదు లేచాయి. ఒకటి రూమ్‌మేట్ తీసుకున్నాడు, రెండు బూజుకు పోయాయి. ఒకటి మా ఊళ్లో ఇంటి ముందు ఉంది. మా అమ్మ దాన్ని ఇప్పటికీ కొబ్బరిచెట్టు అనే అంటుంది. ఐదోది నా కిటికీలో, నాలుగు ఆకులతో. ఇంకా ఒక్క రెబ్బా నక్కతోకలా కుచ్చు కట్టలేదు.